పాప మెడలో తాయెత్తు ఉంచాలా, తీయాలా? వెండిపని చేసేవాడిగా నా జవాబు

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాపకి నాలుగో నెల నడుస్తోంది. రెండో నెలలో సాయంత్రమైతే చాలు గుక్కపట్టి ఏడ్చేది. మీ అత్తగారు గునుపూరు నుంచి తాయెత్తు తెప్పించి మెడలో కట్టారు. చేతికి వసకొమ్ముల దండ, మొలకి నల్లతాడు కూడా కట్టారు. ఆ తరవాత ఏడుపు తగ్గింది. విశాఖలో ఉన్న మీ ఆడపడుచు టర్కీ నీలం కన్ను పూస పంపితే అదీ పిన్నీసుతో గౌనుకి పెట్టారు. మీ ఆయన ఇదంతా మూఢనమ్మకం, తీసి పారేయమంటున్నారు. తీస్తే కీడని అత్తగారు. పైగా ఎదురింట్లో పిల్లల్లేని ఆవిడ చూపే తగిలిందని అత్తగారు గట్టిగా నమ్ముతున్నారు. ఇద్దరి మధ్యా మీకు టెన్షన్.

నేను ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో నలభై రెండేళ్లుగా వెండిపని చేస్తున్నాను. మా నాన్నగారిది, తాతగారిదీ ఇదే పని. నా చేత్తో చేసిన తాయెత్తు గొట్టాలు వేలల్లో ఉంటాయి. తెలుగువాళ్లకి చేశాను, ఒడియావాళ్లకి చేశాను, కొండ మీది సవరలకి చేశాను, తురకవీధి వాళ్లకి తావీజులు చేశాను. అందుకని మీకు సూటిగానే చెప్తాను.

మెడలోది ఈ రాత్రి పాప పడుకోకముందే తీసేయండి. పిన్నీసు కూడా అప్పుడే తీయండి. వసకొమ్ముల దండ రేపు ఉదయానికి ఉండకూడదు. మొలతాడు ఉంచుకోవచ్చు, కాకపోతే తాడుకి, ఒంటికి మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. నెలనెలా ముడి వదులు చేస్తూ ఉండాలి, పిల్లలు పెరిగినంత వేగంగా తాడు పెరగదు. తీసినవాటిని మాత్రం పారేయొద్దు. వాటిని ఏం చేయాలో చివర చెప్తాను.

మెడలోది ఎందుకు తీయమంటున్నానంటే, అది ఎలా తయారవుతుందో నాకు తెలుసు కాబట్టి. పలచటి రాగి రేకు మీదో వెండి రేకు మీదో యంత్రం గీస్తారు, బీజాక్షరాలు రాస్తారు. దాన్ని చుట్టి గొట్టంలో పెడతారు. కొందరు విభూతో, ఏదో వేరు ముక్కో కూడా వేస్తారు. రెండు కొసలకీ మూతలు. మంచి పనివాడైతే మూతని వెండి టంకంతో అతుకుతాడు. చవక గొట్టానికి లక్క పూసి మూసేస్తారు, లేదా సీసం, తగరం కలిసిన టంకం పెడతారు. లక్క చెమటకీ చొంగకీ నానుతుంది. నాలుగో నెల నుంచి పిల్లలు చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటారు. మూత ఊడి గొంతులో పడితే ఊపిరి ఆగుతుంది. మూత ఊడకపోయినా, నిద్రలో దొర్లినప్పుడు మెడ చుట్టూ దారం బిగుసుకునే ప్రమాదం ఉంది. పసిపిల్లలు పడుకున్నప్పుడు మెడలో ఏదీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెప్పేది ఇందుకే.

సీసం సంగతి ఇంకా పెద్దది. 2009లో అమెరికాలోని న్యూయార్క్‌లో ఏడాది బిడ్డకి మామూలు పరీక్ష చేస్తే రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. ఇంట్లో రంగులు, నీళ్లు, బొమ్మలు అన్నీ వెతికారు. చివరికి తేలిందేమిటంటే, కంబోడియా నుంచి తెప్పించి బిడ్డకి దారంతో కట్టిన రక్షరేకు పూసలో దాదాపు 45 శాతం సీసమే. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించేది. తీసేశాక రక్తంలో సీసం తగ్గుతూ వచ్చింది. ఆ తల్లిదండ్రులు బిడ్డ బాగుండాలనే కట్టారు. సీసంతో తయారైన కొన్ని పదార్థాలు నోటికి తియ్యగా ఉంటాయి. సీసం బిడ్డ మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, బయటికి ఏ గుర్తూ కనిపించదు. ఆ సంగతి చదివిన రోజు నుంచి నా అంగట్లో సీసం టంకం ముట్టుకోలేదు.

బజారులో జర్మన్ సిల్వర్ పేరుతో అమ్మేదాంట్లో వెండి ఒక్క గురిగింజంత కూడా ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపి చేస్తారు. నికెల్ కొందరి చర్మానికి పడదు. మెడ దగ్గర ఎర్రగా పొక్కి, పిల్లలు గోక్కుంటుంటే అది కూడా దిష్టే అనుకుని ఇంకో తాయెత్తు కట్టించినవాళ్లని చూశాను.

వసకొమ్ము మన అమ్మమ్మల మందు, కాదనను. మాటలు త్వరగా రావాలని అరగదీసి నాలుకకి రాసేవారు. కానీ ఎంత మోతాదు అన్నది ఎవరికీ లెక్క లేదు. మోతాదు మించితే పసివాళ్లకి వాంతులవుతాయి, మత్తుగా పడి ఉంటారు. వసని తిండి పదార్థాల్లో కలపకూడదని అమెరికాలో 1968 నుంచే నిషేధం ఉంది. దండలో ముక్కని పాప రోజంతా చీకితే అది కట్టడం కాదు, మోతాదు లేకుండా మందు తినిపించడం.

ఇక ఇవి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగారు కదా. ఈ ఒక్క మాట మీద నేను చాలా రోజులు మాట్లాడగలను.

మా తమ్ముడు ఓడల్లో పని చేశాడు. మా శ్రీకాకుళం, సోంపేట వైపు ఇంటికొకడు ఓడ ఎక్కుతాడు, మీకు తెలిసిందే. ఏ రేవులో దిగినా నాకోసం అక్కడి తాయెత్తు ఒకటి కొనుక్కొచ్చేవాడు. ఇప్పుడు అవన్నీ నా అంగట్లో ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. మీ ఆడపడుచు పంపిన నీలం కన్ను అందులో మొదటిది. టర్కీలో ఇజ్మీర్ దగ్గరి పల్లెల్లో గాజుని కొలిమిలో కరిగించి, ఇనప చువ్వ మీద చుట్టి, నీలం మీద తెలుపు, తెలుపు మీద మళ్లీ నీలం చుక్క పెట్టి చేస్తారు. చూసే కన్నుకి ఎదురుగా మరో కన్ను పెట్టడం అన్నమాట. మన దిష్టిబొమ్మకి గుడ్లు అంత పెద్దవిగా ఎందుకు వేస్తామో ఆలోచించండి.

రెండోది ఇటలీలోని నేపుల్స్ నుంచి వచ్చింది. వంకర తిరిగిన ఎర్రటి చిన్న కొమ్ము. అసలైనది పగడంతో చేస్తారు. దాన్ని చూడగానే నాకు ఎంత సంతోషం వేసిందో! మా పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసే పనివాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఎక్కడి నేపుల్స్, ఎక్కడి పర్లాకిమిడి! ఆ ఇటలీలోనే పదిహేనో శతాబ్దంలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడు బాలయేసు బొమ్మ వేస్తూ, ఆ పసివాడి మెడలో ఎర్రపగడం దండ వేశాడు. దేవుడి బిడ్డ అని కొలిచేవాడికి కూడా తల్లి దిష్టి తగలకుండా పగడం కట్టిందని ఆ చిత్రకారుడికి తోచిందంటే, అప్పట్లో ప్రతి ఇంట్లో పిల్లలకి పగడం కట్టేవారన్నమాట.

మూడోది జపాన్‌ది. జరీపట్టు గుడ్డతో కుట్టిన చిన్న సంచి. గుళ్లో ఇస్తారు. లోపల దేవుడి పేరు రాసిన చెక్కో కాగితమో ఉంటుంది, విప్పి చూడకూడదంటారు. దాని గురించి మళ్లీ చెప్తాను, మీ సమస్యకి అది పనికొస్తుంది.

మన వైపు చూస్తే అథర్వవేదంలో మణులు కట్టుకునే సూక్తాలు ఉన్నాయి. అక్కడ మణి అంటే రత్నమే కానక్కర్లేదు. శంఖాన్ని మణిగా కట్టుకోవడానికి ఒక సూక్తం ఉంది, నూరేళ్ల ఆయుష్షు కోసం బంగారం కట్టుకోవడానికి ఒకటి ఉంది, మేడికట్టె మణికి ఒకటి ఉంది. పాత రోమ్‌లో మగపిల్లల మెడలో బుల్లా అని ఒక గుండ్రటి బిళ్ల ఉండేది. ఉన్నవాళ్లు బంగారంతో, లేనివాళ్లు తోలుతో చేయించేవారు. ఇథియోపియాలో తోలు మీద మంత్రాలు, కళ్ల బొమ్మలు రాసిన చుట్ట ఒకటి ఇస్తారు. ఆ తోలుని కట్టుకునే మనిషి పొడవెంతో అంత కొలిచి కోస్తారు, తల నుంచి పాదం దాకా కాపాడాలని. మా గజపతి జిల్లా కొండల్లో సవరలు ఒంటికి కట్టేదానికంటే గోడకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. ఇంట్లో జబ్బు చేస్తే గోడ మీద ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో ఇడితాల్ బొమ్మ వేసి, పెద్దల ఆత్మలని శాంతింపజేస్తారు.

వీటన్నిటిలో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది తొమ్మిది గళ్ల అంకెల యంత్రం. పైవరసలో 2, 7, 6. మధ్యలో 9, 5, 1. కిందివరసలో 4, 3, 8. అడ్డంగా, నిలువుగా, మూలలకి ఎలా కూడినా 15. మా నాన్నగారు దీన్ని పదిహేను యంత్రం అనేవారు. పురోహితులు చెప్పగా రాగిరేకు మీద చెక్కేవాళ్లం. ఒకరోజు తురకవీధి నుంచి ఒక పెద్దాయన కోడలికి కాన్పు సుఖంగా కావాలని తావీజు చేయించుకోవడానికి వచ్చి, కాగితం చేతిలో పెట్టాడు. చూస్తే అదే గడి! అరబ్బు దేశాల్లో వెయ్యేళ్ల కిందటే కాన్పు కష్టాలకి దీన్ని వాడారట. చైనావాళ్లకి కూడా ఇదే గడి లో షు అనే పేరుతో పవిత్రం, కాకపోతే పక్కకి తిప్పి రాస్తారు. ఒకే గడిని మూడు మతాలవాళ్లు తమదే అనుకుంటున్నారు. నేను ఇద్దరికీ ఒకే ఉలితో చెక్కాను.

పని చేస్తాయా అన్నది మీ అసలు ప్రశ్న. ఏడుపు తగ్గింది కదా అని మీ అత్తగారు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదన్నారు.

రెండో నెల పిల్లలు సాయంత్రం పూట కారణం లేకుండా ఏడవడం చాలా ఇళ్లలో ఉంటుంది. ఆరో వారం దగ్గర అది బాగా ఎక్కువవుతుంది, మూడు నాలుగు నెలలు వచ్చేసరికి దానంతట అదే తగ్గిపోతుంది. తాయెత్తు ఎప్పుడు కడతాం? ఏడుపు భరించలేనంతగా పెరిగినప్పుడు. అక్కడి నుంచి ఎలాగూ తగ్గే రోజులే. మీ పాప ఏడుపు తగ్గించింది పాప వయసు. కానీ ఆ రెండు నెలలూ ఇంట్లోవాళ్ల గుండె దడ తగ్గించింది మాత్రం ఆ తాయెత్తే. అది కూడా చిన్న పని కాదని నేను అనుకుంటాను. బాలింతకి, ముసలావిడకి ఆ రాత్రులు ఎలా గడుస్తాయో నాకు తెలుసు.

గోపాల్‌పూర్ తీరంలో మన తెలుగు జాలర్లు తెల్లారకముందే పడవ తోస్తారు. పడవ ముక్కుకి వేపమండ, పసుపు, నిమ్మకాయ, లేకపోతే ఎక్కరు. అదే మనుషులు చెరువులో వల వేయడానికి వెళ్తే నిమ్మకాయ ఊసే ఉండదు. మాలినోవ్‌స్కీ అనే పండితుడు పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో సరిగ్గా ఇదే గమనించి రాశాడు. లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు వాళ్లు ఏ మంత్రమూ చదవరు. ప్రాణాపాయం ఉన్న బయటి సముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం పెద్ద తంతు. మన చేతిలో లేనిదాని ముందు నిలబడటానికి మనిషికి ఏదో ఒకటి కావాలి. అదృష్టపు బంతి అని చెప్పి ఇస్తే మనుషులు గోల్ఫ్ బాగా ఆడారని జర్మనీలో 2010లో ఒక పరిశోధన వచ్చింది. తరవాత వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందితో అదే చేసి చూస్తే ఆ తేడా రాలేదు. ధైర్యం వస్తుంది, అంతవరకు నేను నా కళ్లతో చూశాను. అంతకు మించి ఆశించకూడదని ఎలా నేర్చుకున్నానో చెప్తాను.

1994 వానాకాలం. కొండ మీది ఊరి నుంచి ఒకతను ఐదేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని నా అంగడికి వచ్చాడు. చలిజ్వరం. వాళ్ల ఊరి గురువు ఇచ్చిన వేరుముక్క ఒకటి చేతిలో ఉంది, దాన్ని గొట్టంలో పెట్టి ఇమ్మన్నాడు. పిల్ల వణుకుతోంది. నేను పావుగంటలో చేసి ఇచ్చాను. డబ్బు కూడా తీసుకున్నాను. మర్నాడు అతను మళ్లీ వచ్చి అరటిపళ్లు ఇచ్చాడు, జ్వరం దిగిపోయిందని. నాకు చాలా గర్వంగా అనిపించింది. మలేరియా జ్వరం వచ్చి, పూర్తిగా విడిచి, మళ్లీ వస్తుందని అప్పటికి నాకు తెలుసు. మా ఇంట్లోనే వచ్చిన జబ్బు. అయినా ఆ మాట అతనితో అనలేదు. రెండు రోజుల తరవాత జ్వరం తిరగబెట్టింది. తాయెత్తు ఉంది కదా అని ఇంకో రోజు చూశారు. ఆస్పత్రికి తెచ్చేసరికి పిల్లకి స్పృహ లేదు, జబ్బు మెదడుకి ఎక్కింది. దక్కలేదు. కబురు తెలిసి వెళ్లాను. ఆ పిల్ల మెడలో నా గొట్టం మెరుస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి నా అంగట్లో ఒక నియమం పెట్టుకున్నాను. జ్వరం అని ఎవరు తాయెత్తుకి వచ్చినా ముందు రక్తపరీక్ష చీటీ చూపించమంటాను. చీటీ ఉంటే కూలి తీసుకోకుండా చేసి ఇస్తాను. లేకపోతే ఎంత పెద్దవాళ్లు అడిగినా చేయను. మొదట్లో జనం కోపగించుకున్నారు, కొందరు వేరే అంగడికి వెళ్లారు. ఇప్పుడు పరిస్థితి మారింది. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది, వేలి మీద ఒక చుక్క, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం దమన్ పేరుతో కొండ ఊళ్లకే వెళ్లి అందరికీ పరీక్ష చేసి మందులిస్తోంది. మీ పాపకి నాలుగు నెలలు. జ్వరం తగిలితే, పాలు తాగడం మానేస్తే, మత్తుగా ఉంటే ఎర్రనీళ్లు తిప్పడం తరవాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ ఒక్క విషయంలో అత్తగారి మాట వినకండి. మీరు ఎంత మర్యాదస్తులైనా సరే.

ఇప్పుడు ఎదురింటావిడ సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

మన పెద్దవాళ్లు ఉప్పు తిప్పేటప్పుడు అనే మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తల్లి దిష్టి, తండ్రి దిష్టి, దారిన పోయేవాళ్ల దిష్టి, నా దిష్టి. ఎంత గొప్పగా కట్టారో చూడండి ఆ మాటని! ఫలానా ఆవిడ అని వేలు పెట్టి చూపించలేదు. తిప్పే మనిషి తన కన్ను కూడా అందులో కలుపుకుంటుంది. గ్రీకు దేశంలో ప్లూటార్క్ అనే ఆయన రెండు వేల ఏళ్ల కిందటే భోజనాల దగ్గర దిష్టి గురించి జరిగిన వాదన రాసిపెట్టాడు. కన్నతండ్రి చూపు కూడా బిడ్డకి తగులుతుందని భయపడి, బిడ్డని తండ్రికి ఎక్కువసేపు చూపించని తల్లులు ఉన్నారని అందులో ఉంది. తాయెత్తు వింతగా ఉంటుంది కాబట్టి చూపు ముందు దాని మీదికి పోతుంది, బిడ్డ మీద పడే బరువు తగ్గుతుంది అని కూడా అందులోనే ఉంది. మనం బుగ్గన పెట్టే దిష్టిచుక్క లెక్క కూడా అదే కదా. చూపు ఎవరిదైనా ముద్దుగా ఉన్నదాని మీద పడుతుంది, దాన్ని కొంచెం పక్కకి మళ్లించాలి. అంతవరకే దాని పని. ఎవరి మీదా నేరం మోపడం దాని పని కాదు.

దిష్టి అనే మాట ఒక మనిషి పేరుతో కలిస్తే ఎక్కడికి పోతుందో మన రెండు రాష్ట్రాల సరిహద్దులో అందరికీ తెలుసు. ముందు చూపు అంటారు, తరవాత చిల్లంగి, అంటే చేతబడి అంటారు, ఆ తరవాత రాత్రిపూట ఆ ఇంటి మీదికి పోతారు. ఒడిశాలో 2013లో దీనికోసం విడిగా చట్టమే చేయాల్సి వచ్చింది. మంత్రగత్తె అని ఆడదాన్ని నిందించినా, హింసించినా జైలు. మహారాష్ట్రలో కూడా అదే ఏడాది చేతబడి, నరబలి లాంటివాటి మీద చట్టం వచ్చింది. మీ వీధిలో అంత దాకా పోదని నాకూ తెలుసు. కానీ పిల్లల్లేని మనిషి మీ వాకిట్లోకి వచ్చినప్పుడు పాపని కొంగుతో కప్పేస్తే ఆవిడ ఆ రోజు అన్నం తినగలదా? ఈ శుక్రవారం ఆవిడని పిలవండి. పాపని ఆవిడ ఒళ్లో పెట్టండి. వెళ్లాక మీ అత్తగారు ఉప్పు తిప్పుకుంటానంటే తిప్పుకోనివ్వండి, కానీ పాత మాటలతోనే తిప్పమనండి, అందరి దిష్టీ కలిపి.

ఇంకొకటి. ఒక తాయెత్తు ఇంట్లోకి వచ్చిందని తెలిస్తే దాని వెనకాల అమ్మేవాళ్లు వస్తారు. పులిగోరు, ఎలుగుబంటి వెంట్రుకలు, నక్కకొమ్ము తెస్తారు. నక్కకి కొమ్ము ఉండదు, జుట్టున్న తోలుముక్కని మెలితిప్పి చేస్తారు. పులి, ఎలుగు రెండూ 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్న జంతువులు, ఆ గోరు ఇంట్లో దొరికితే మీరే కేసులో ఇరుక్కుంటారు. హత్థాజోడి అని అరచేతులు జోడించినట్టున్న వేరు ఒకటి అమ్ముతారు. పరీక్షిస్తే అది వేరే కాదు, ఉడుము మర్మాంగాన్ని ఎండబెట్టిందని 2017లో బయటపడింది. తాయెత్తుతో జబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం, 1954 నుంచి చట్టం ఉంది, అందులో తాయెత్తు, మంత్రం, కవచం అని పేర్లతో సహా రాశారు. మీకు గ్రహదోషం ఉంది, ఐదు వేలు, పది వేలు అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మా నాన్నగారు గొట్టానికి వెండి తూకం, కూలి తప్ప ఇంకేమీ తీసుకునేవారు కాదు. భయానికి కూలి కట్టకూడదనేవారు.

ఇక తీసినవాటిని ఏం చేయాలి, అత్తగారికి ఎలా చెప్పాలి. తీస్తే కీడు అన్న మాటకి జవాబు ఆ ఆచారాల్లోనే ఉంది. నేను చెప్పిన జపాన్ సంచిని ఏడాది తిరిగేసరికి అదే గుడికి తీసుకెళ్లి ఇచ్చేస్తారు, వాళ్లు దాన్ని శాస్త్రప్రకారం కాలుస్తారు. కొత్తది తీసుకుంటారు. రోమ్‌లో పిల్లవాడు పెద్దవాడయ్యాక బుల్లా తీసి ఇంటి దేవతల ముందు పెట్టేవాడు. తీయడానికి కూడా ఒక పద్ధతి ఉంది, ఒక రోజు ఉంది. మనవాళ్లు తాయెత్తు పాతబడితే పారే నీళ్లలో విడిచేవారు. మీరు మహేంద్రతనయ నదిలో వేయకండి, ఆ ఇసుకలో పిల్లలు ఆడతారు. ఇంట్లోనే ఉంచండి.

అత్తగారితో ఇలా అనండి. “అత్తయ్యా, మీరు కట్టింది పాపని ఇంతవరకు తెచ్చింది. ఇప్పుడు అన్నీ నోట్లో పెట్టుకుంటోంది, మూత ఊడితే గొంతులో పడుతుంది. దేవుడి దగ్గర పెడదాం.” తీయడం ఆవిడ చేతే తీయించండి, మంచి రోజు చూసుకుని కాదు, ఈ రాత్రే. మీ ఆయన ముందు ఉండనక్కర్లేదు, మూఢనమ్మకం అన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తకూడదు. నీలం పూసని వీధి గుమ్మానికి, పాప చెయ్యి ఎప్పటికీ అందనంత ఎత్తున మేకుకి తగిలించండి. మనింట్లో పటిక కట్టే చోటు అదే కాబట్టి ఆవిడకీ నచ్చుతుంది. దిష్టిచుక్క కావాలంటే కాటుక కంట్లో పెట్టకండి, కొన్న కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉండొచ్చు. ఇంట్లో పట్టిన కాటుకతో అరికాలికి చుక్క పెట్టండి, అది నోటికి చేరేలోపు తుడిచేయండి.

పుట్టువెంట్రుకలకి మీవాళ్లు తారాతారిణి అమ్మవారి గుడికి వెళ్తారని రాశారు. చైత్రమాసం మంగళవారాల్లో జనం కిక్కిరిసి ఉంటారు, రుషికుల్య ఒడ్డున పిల్లల ఏడుపులు, డప్పులు, భలే సందడిగా ఉంటుంది. పాపని తీసుకెళ్లినప్పుడు ఆ తాయెత్తుని కూడా పట్టుకెళ్లి, జుట్టుతో పాటు అమ్మవారికి అప్పజెప్పమని అత్తగారితో చెప్పండి. అప్పటికి పాపకి ఏడాది దగ్గర పడుతుంది. ఆవిడ మొక్కు ఆవిడ తీర్చుకున్నట్టూ ఉంటుంది.

ఈలోగా ఒకసారి గొట్టం పట్టుకుని పర్లాకిమిడి రండి. యాసిడ్ చుక్క వేస్తే అది వెండో జర్మన్ సిల్వరో ఇట్టే తెలుస్తుంది, టంకం వెండిదా, మెత్తటి చవక టంకమా అన్నది నా కంటికి ఆనుతుంది. అసలు వెండే అయితే పాపకి మూడేళ్లు దాటాక మొలతాడుకి కట్టుకోవడానికి చిన్న గంటలా మార్చి ఇస్తాను. కూలి అక్కర్లేదు. అత్తగారిని కూడా తీసుకురండి, మా తమ్ముడి రేకుపెట్టె ఆవిడకి చూపించాలని ఉంది.